వరంగల్ ఎండల్లో గేమింగ్ కంప్యూటర్ ప్రాసెసర్ వేడిని అదుపులో ఉంచుకోవడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే 25 ప్రాంతంలో ఆ కార్తె మొదలయ్యేసరికే హన్మకొండ, కాజీపేట, రామగుండం, జగిత్యాల వైపు పగటి ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలకు చేరే రోజులు వస్తాయి. పిల్లలకు సెలవులు ఉండేదీ, ఇంట్లో కంప్యూటర్ మీద గంటల తరబడి గేములు నడిచేదీ అప్పుడే. డిసెంబరులో 65 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్న ప్రాసెసర్ మే నెలలో 85 చూపిస్తుంటే చాలామంది భయపడి, ముందుగా దుకాణానికి వెళ్లి ఖరీదైన లిక్విడ్ కూలింగ్ (ద్రవాన్ని తిప్పుతూ ప్రాసెసర్‌ను చల్లబరిచే పరికరం) కొనుక్కుంటారు. దయచేసి ఆ పని మొదట చేయకండి. ఈ వ్యాసంలో చెప్పిన వరుసలో పని చేసుకుంటూ వెళ్తే, చాలా ఇళ్లలో డబ్బు ఖర్చు పెట్టవలసిన అవసరమే రాదు.

మాటల గురించి ముందే ఒక స్పష్టత. మన దగ్గర కూలర్ అంటే కిటికీలో పెట్టే గడ్డి కూలర్ అని, సీపీయూ అంటే టేబుల్ కింద ఉండే మొత్తం డబ్బా అని అర్థం. అందుకని ఇక్కడ డబ్బాను క్యాబినెట్ అని, లోపల ఉండే చిప్‌ను ప్రాసెసర్ అని, దాని మీద ఫ్యాన్‌తో బిగించి ఉండే లోహపు భాగాన్ని హీట్‌సింక్ అని రాస్తున్నాను.

మొదటి పని: గదిని, ప్రాసెసర్‌ను కలిపి కొలవండి

హీట్‌సింక్ ఎంత మంచిదైనా గదిలోని గాలితోనే ప్రాసెసర్‌ను చల్లబరుస్తుంది. గది 38 డిగ్రీలు ఉంటే ఫ్యాన్‌తో నడిచే ఏ పరికరమూ, లిక్విడ్ కూలింగ్‌తో సహా, ప్రాసెసర్‌ను 38 కంటే కిందికి తేలేదు. కాబట్టి తెర మీద కనిపించే అంకె ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రతను తీసివేయగా మిగిలే తేడాను చూడాలి. ఈ వ్యాసం మొత్తం ఆ తేడా మీదే ఆధారపడి ఉంది.

రెండు మూడు వందల రూపాయలకు దొరికే చిన్న డిజిటల్ థర్మామీటర్‌ను తెచ్చి, క్యాబినెట్ ముందు భాగానికి జానెడు దూరంలో, అంటే అది గాలి పీల్చుకునే చోట, ఉంచండి. కంప్యూటర్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, సెన్సర్ల పట్టికలో ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ అయితే టీసీటీఎల్ అని ఉన్న వరుసను, ఇంటెల్ అయితే సీపీయూ ప్యాకేజ్ అనే వరుసను గమనించండి. మీరు మామూలుగా ఆడే గేమునే అరగంట ఆడి, సగటు ఎంత, గరిష్ఠం ఎంత అని రాసుకోండి. కొత్త గేము మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మల వెలుగునీడలను గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతుంటాయి కనుక ఆ కొద్ది నిమిషాలు ప్రాసెసర్ బాగా వేడెక్కడం సహజం. ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. చలికాలంలో గది 26, ప్రాసెసర్ 66 ఉంటే తేడా 40. వేసవిలో గది 38 ఉన్నప్పుడు అదే గేములో ప్రాసెసర్ 78 చూపిస్తే తేడా మళ్లీ 40 మాత్రమే; అంటే మీ యంత్రంలో ఏ లోపమూ లేదు, ఎండ పెరిగింది అంతే. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా పట్టించుకోనవసరం లేదు. అదే గదిలో ప్రాసెసర్ 92 చూపిస్తే మాత్రం తేడా 54కు చేరినట్టు. ఆ పెరిగిన 14 డిగ్రీలకు కారణం ఎండ కాదు, క్యాబినెట్ లోపలే ఎక్కడో ఉంది, దాన్ని వెతకాలి.

ఎంత వేడి ప్రమాదమో కూడా తెలుసుకోండి. ఇంటెల్ కోర్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లలో చాలావాటికి పరిమితి 100 డిగ్రీలు. రైజెన్ 5000 శ్రేణిలో మోడల్‌ను బట్టి 90 లేదా 95. రైజెన్ 7000 శ్రేణిలో చాలా మోడళ్లు పూర్తి భారం మీద 95 డిగ్రీల దగ్గర పనిచేసేలాగే తయారయ్యాయి, 7800ఎక్స్3డీకి మాత్రం పరిమితి 89. ఈ హద్దును తాకగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఇంకా మించితే కంప్యూటర్ ఆగిపోతుంది. అందువల్ల ప్రాసెసర్ ఒక్కసారిగా కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. మనకు కనిపించే నష్టం ఆట మధ్యలో బొమ్మ ఆగి ఆగి రావడం. నా అభిప్రాయంలో ఎండాకాలంలో గేము ఆడేటప్పుడు 85 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 90 దగ్గర నిలకడగా ఉంటే పని మొదలుపెట్టాలి.

రెండో పని: క్యాబినెట్ పక్క పలకను తీసి చూడండి

కారణం ఎక్కడుందో తేల్చడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. గేము అరగంట నడిచిన తర్వాత, క్యాబినెట్ ఎడమ పక్క పలకను తీసివేసి, మరో పదిహేను నిమిషాలు అదే గేము ఆడండి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు, అంతకంటే ఎక్కువ పడిపోతే క్యాబినెట్‌లోకి గాలి సరిగ్గా రావడం లేదని అర్థం. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే గాలిలో లోపం లేదు. హీట్‌సింక్‌లో దుమ్ము చేరి ఉండాలి, లేదా థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని చేరవేసే ముద్ద) ఎండిపోయి ఉండాలి, లేదా హీట్‌సింక్ బిగింపు వదులై ఉండాలి.

పలక తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి అలాగే వాడుకునేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఒకటి రెండు రోజులకు పరవాలేదు కానీ, దాన్నే అలవాటు చేసుకోవద్దని గట్టిగా చెబుతాను. దుమ్ము నేరుగా మదర్‌బోర్డు మీద పడుతుంది, ఇక బల్లులు వెచ్చదనానికి లోపలికి దూరతాయి; ఒక బల్లి పవర్ సప్లైలో పడి చనిపోయిన కంప్యూటర్‌ను నేను స్వయంగా విప్పాను.

మూడో పని: క్యాబినెట్ ఉన్న చోటు మార్చండి

మన ఇళ్లలోని కంప్యూటర్ టేబుళ్లలో సీపీయూ కోసమని ఒక అర ఉంటుంది. మూడు వైపులా చెక్క, వెనక గోడ. ఈ అరలో క్యాబినెట్ వెనక నుంచి వదిలిన వేడి గాలి ఎటూ పోలేక తిరిగి ముందుకే వచ్చి లోపలికి వెళ్తుంది. గదిలో 37 ఉన్నప్పుడు ఆ అరలో ఎంత ఉందో మీ థర్మామీటర్ పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. క్యాబినెట్‌ను ఆ అరలోంచి బయటికి తీసి, గోడకు కనీసం జానెడు దూరంలో, నేల మీద కాకుండా ఒక చిన్న పీట మీద పెట్టండి. చాలా క్యాబినెట్లలో పవర్ సప్లై అడుగు నుంచే గాలి పీల్చుకుంటుంది, నేల మీద ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్మంతా అందులోకే పోతుంది.

నాలుగో పని: దుమ్ము దులపండి

ఈ పనిని తొందరపడకుండా చేయాలి. వేసవి గాలిదుమ్ము ఒక ఎత్తయితే, మన ప్రాంతంలో దూది మరో ఎత్తు. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉండేవారికి పత్తి నూగు గురించి చెప్పనవసరం లేదు. దూది పరుపులున్న ప్రతి పడక గదిలోనూ అదే నూగు ఎగురుతూ ఉంటుంది. పొడి దుమ్మయితే హీట్‌సింక్ రేకుల మధ్య నుంచి కొంతైనా బయటికి పోతుంది, నూగు మాత్రం అక్కడే చిక్కుకుని, తన మీద వచ్చిపడిన దుమ్మునంతా పట్టి ఉంచుతుంది. హీట్‌సింక్ ఫ్యాన్‌ను ఊడదీసి వెనక చూస్తే, రేకుల మీద బూడిదరంగు బొంత పరిచినట్టు ఒక పొర ఉంటుంది. అంచు పట్టుకుని లాగితే చిన్న గుడ్డముక్కలా మొత్తం ఒకేసారి ఊడి చేతికి వస్తుంది. ఫ్యాన్ తీయకుండా పైనుంచి ఎంత ఊదినా ఆ పొర కదలదు. పైకి శుభ్రంగా కనిపించే కంప్యూటర్లు కూడా వేడెక్కడానికి తరచుగా కారణం ఇదే.

ముందుగా కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను ఐదు క్షణాలు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్‌ను వరండాలోకి లేదా డాబా మీదికి తీసుకువెళ్లండి. లోపల చేయి పెట్టే ముందు క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు దానిలోకి పోతుంది. ఎలక్ట్రిక్ బ్లోయర్‌తో ఊదేటప్పుడు ప్రతి ఫ్యాన్ రెక్కనూ వేలితో కదలకుండా పట్టుకోండి. గాలికి ఫ్యాన్ మితిమీరిన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, ముందు వైపు జాలీ, ఇవన్నీ అదే వరుసలో దులపండి. పవర్ సప్లైని మాత్రం ఎప్పుడూ విప్పకండి, ప్లగ్ తీసినా దాని లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఇంట్లో ఉన్న వాక్యూమ్ క్లీనర్‌ను మదర్‌బోర్డు దగ్గర వాడకపోవడమే మేలు. ఫిబ్రవరి చివర ఒకసారి, మే మొదట్లో ఒకసారి ఇలా దులిపితే వేసవి గడిచిపోతుంది.

ఐదో పని: గాలి దారి సరిచూడండి

ముందు నుంచి చల్లగాలి లోపలికి రావాలి, వెనక నుంచి, పై నుంచి వేడిగాలి బయటికి పోవాలి. ఫ్యాన్‌కు ఏ వైపున మోటారును పట్టి ఉంచే అడ్డపుల్లలు ఉంటాయో ఆ వైపుకే గాలి వెళ్తుంది. అనుమానం ఉంటే ఒక అగరుబత్తి వెలిగించి ఫ్యాన్‌కు బెత్తెడు దూరంలో పట్టుకోండి, పొగ దారి చూపిస్తుంది. ముందు రెండు, వెనక ఒకటి ఉంటే మామూలు గేమింగ్ కంప్యూటర్‌కు సరిపోతుంది. ముందు భాగమంతా అద్దంతో మూసేసి, లోపల రంగురంగుల దీపాలు పెట్టిన క్యాబినెట్లు చూడడానికి అందంగా ఉంటాయి కానీ వరంగల్ ఎండలకు అవి తగవు. కొత్తగా కొనేవారు ముందు భాగం జాలీతో ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

ఆరో పని: హీట్‌సింక్ బిగింపు, థర్మల్ పేస్ట్

ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే గుండ్రటి హీట్‌సింక్‌కు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. వాటిలో ఒక్కటి పైకి లేచినా హీట్‌సింక్ ఒక పక్కకు ఒరిగి, ప్రాసెసర్‌ను పూర్తిగా తాకదు. కంప్యూటర్‌ను ఆటోలోనో బస్సులోనో తెచ్చుకున్న తర్వాత ఉష్ణోగ్రత పెరిగితే ముందుగా ఈ పిన్నులనే చూడాలి. నాలుగింటినీ ఒక్కొక్కటిగా వేలితో కదిపి చూడండి, కదిలినదాన్ని టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి. బిగించేటప్పుడు పక్కపక్కన ఉన్నవి కాకుండా, మూలకు మూల ఎదురెదురుగా ఉన్నవి జతగా నొక్కాలి.

మా అక్క కొడుకు కొత్తగా కట్టించుకున్న కంప్యూటర్ మొదటి రోజు నుంచే 95 చూపిస్తూ, ఆట మధ్యలో ఆగి ఆగి నడిచేది. కట్టిచ్చిన దుకాణంలో అడిగితే లిక్విడ్ కూలింగ్ వేయించుకోమన్నారట. నయీంనగర్‌లో వాళ్లింట్లో కూర్చుని మేమిద్దరం హీట్‌సింక్ విప్పి చూస్తే, దాని అడుగున రక్షణ కోసం అంటించి ఇచ్చే పారదర్శకపు ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. దాని మీదే పేస్ట్ పూసి బిగించేశారు. ఆ పొర తీసి, కొత్త పేస్ట్ వేసి బిగించాక అదే గేములో 74 దాటలేదు. ఎనిమిది తొమ్మిది వేలు ఖర్చు పెట్టించబోయిన లోపం అది. అందుకే కొత్త కంప్యూటర్ అయినా సరే, హీట్‌సింక్ కింద ఒకసారి చూడమని అందరికీ చెబుతున్నాను.

పేస్ట్ మార్చవలసి వస్తే, కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి ఆపండి, వెచ్చదనానికి పాత పేస్ట్ మెత్తబడుతుంది. రైజెన్ 5000, అంతకు ముందు తరాల ఏఎం4 (మదర్‌బోర్డు సాకెట్ రకం) ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. హీట్‌సింక్‌ను నేరుగా పైకి లాగితే పేస్ట్ అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగిపోయే ప్రమాదం ఉంది. అందుకని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి, పట్టు వదిలిన తర్వాతే పైకి ఎత్తండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు పోగులు రాని గుడ్డతో రెండు వైపులా తుడిచి, ప్రాసెసర్ మధ్యలో బఠాణి గింజంత పేస్ట్ పెట్టండి. వేలితో పూయవద్దు, బిగింపు ఒత్తిడికి అదే పరుచుకుంటుంది.

ఏడో పని: వేడి పుట్టడాన్నే తగ్గించండి

ఇంతవరకు చెప్పినవి వేడిని బయటికి పంపే మార్గాలు. గదే 38 డిగ్రీలు ఉన్నప్పుడు వేడి తక్కువగా పుట్టేలా చూసుకోవడం ఇంకా తెలివైన పని, దీనికి పైసా ఖర్చు లేదు.

అన్నింటికంటే ముందు ఎఫ్‌పీఎస్‌కు, అంటే గేము సెకనుకు తయారుచేసే చిత్రాల సంఖ్యకు, పరిమితి పెట్టండి. మీ మానిటర్ సెకనుకు 75 చిత్రాలే చూపించగలిగినప్పుడు గేము 200 చిత్రాలు తయారుచేయడం వల్ల మీకు దక్కేది వేడి, కరెంటు బిల్లు. వాలొరంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటివి ప్రాసెసర్‌ను ఎక్కువగా వాడుకునే గేములు కనుక వాటిలో ఈ ఒక్క మార్పుతోనే మంచి తేడా కనిపిస్తుంది. గేము సెట్టింగుల్లో పరిమితి లేకపోతే గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో పెట్టుకోవచ్చు. దీనివల్ల గ్రాఫిక్స్ కార్డు కూడా చల్లబడుతుంది, అది క్యాబినెట్‌లోకి వదిలే వేడి తగ్గేసరికి ప్రాసెసర్‌కు కూడా ఊరట లభిస్తుంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ను 80 శాతానికి తగ్గిస్తే ఇదే దిశలో మరో అడుగు.

తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి, వెళ్లండి. చాలా మదర్‌బోర్డుల్లో కంప్యూటర్ మొదలవుతుండగా డిలీట్ కీ నొక్కితే చాలు. రైజెన్ 5 5600ఎక్స్ మామూలుగా 76 వాట్ల దాకా తీసుకోగలదు. పీబీఓ (ప్రాసెసర్ విద్యుత్ పరిమితులు మార్చే) విభాగంలో పీపీటీ (మొత్తం వాట్ల పరిమితి) అనే చోట 60 అని ఇస్తే గేముల్లో వేగం స్వల్పంగానే తగ్గుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. ఇంటెల్ కోర్ ఐ5-12400 క్లుప్తకాలానికి 117 వాట్ల దాకా వెళ్తుంది. పీఎల్1 (నిలకడగా తీసుకునే వాట్ల పరిమితి), పీఎల్2 (క్లుప్తకాలపు పరిమితి) అనే రెండు చోట్లా 65 పెట్టి చూడండి. కొన్ని మదర్‌బోర్డులు ఈ చోట్ల 4095 వంటి అంకె ఉంచుతాయి, అంటే అసలు పరిమితే లేదన్నమాట, వేసవిలో అలా వదిలేయకూడదు. 13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉన్నవారు బయోస్‌ను కొత్తదానికి మార్చుకున్నారో లేదో తప్పకుండా చూసుకోవాలి. వాటిలో చాలా మోడళ్లు అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని క్రమంగా పాడవుతున్నాయని 2024లో బయటపడింది, ఇంటెల్ దానికి సవరణలు విడుదల చేసింది.

బయోస్ అంటే భయపడేవారికి విండోస్‌లోనే ఒక దారి ఉంది. పవర్ ఆప్షన్స్ అధునాతన సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99కి మార్చితే అదనపు వేగం ఆగిపోతుంది. ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది కానీ వేగం కూడా పడిపోతుంది. ఐ5-12400 అయితే 4.4 నుంచి 2.5 గిగాహెర్ట్‌జ్ దాకా దిగవచ్చు. ఇది తప్పనిసరి అయితేనే వాడవలసిన మందు.

గది సంగతి

గేము ఆడే కంప్యూటర్ 300, 400 వాట్ల విద్యుత్తు తీసుకుంటే ఆ మొత్తం చివరికి వేడిగా మారి గదిలోకే చేరుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో గంట ఆడితే గది తానే వేడెక్కి, ఆ వేడి గాలే మళ్లీ క్యాబినెట్‌లోకి పోతుంది. మధ్యాహ్నం కిటికీలు మూసి, తెరలు దించి, రాత్రి ఎనిమిది దాటాక అన్నీ తెరవండి. పై అంతస్తులో ఉండేవారికి స్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి పది దాకా వదులుతూనే ఉంటుంది. ఆడడానికి అనువైన సమయం తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది వరకు. డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించుకోవడం మంచి ఉపాయం; తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసమే ఐదేళ్లకు ఒక విధానాన్ని కూడా ప్రకటించింది.

గడ్డి కూలర్ విషయంలో జాగ్రత్త అవసరం. మే నెలలో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ గదిని నిజంగానే చల్లబరుస్తుంది, ఆ మేరకు ప్రాసెసర్ కూడా చల్లబడుతుంది. అయితే దాని గాలి నేరుగా క్యాబినెట్ మీద పడకూడదు. గాలితో పాటు వచ్చే సన్నటి తుంపర మన ఉప్పునీటిని లోపలికి చేరవేస్తుంది, అది ఆరిన చోట తెల్లటి మరకలు కట్టి లోహాన్ని తినేస్తుంది. కూలర్ ఎదుటి మూలన కాకుండా పక్కగోడ వైపు క్యాబినెట్ పెట్టి, ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచండి. జూన్‌లో వానలు మొదలయ్యాక కూలర్ తేమనే పెంచుతుంది, అప్పుడు నీళ్లు లేకుండా ఫ్యాన్‌గా మాత్రమే వాడుకోండి. ఏసీ ఉన్నవారు 28 దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటే సరిపోతుంది. ఒక టన్ను ఏసీ గదిలోంచి దాదాపు 3,500 వాట్ల వేడిని తీయగలదు, మీ కంప్యూటర్ వదిలేది అందులో తొమ్మిదో వంతు మాత్రమే.

కంప్యూటర్ దానంతట అదే ఆగిపోతుంటే

దీన్ని వెంటనే వేడికి ముడిపెట్టకండి. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోవడం మనకు తెలిసిందే, పైగా చాలా ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు పూర్తి భారం మీద ఉన్నప్పుడు యూపీఎస్ చేతులెత్తేస్తే కూడా కంప్యూటర్ ఇలాగే ఆగుతుంది. తేల్చుకోవడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో సెన్సర్ల కిటికీ అడుగున ఉన్న లాగింగ్ బటన్ నొక్కి గేము ఆడండి. ఆగిపోయిన తర్వాత ఆ ఫైలు తెరిచి చివరి వరుస చూడండి. ప్రాసెసర్ 100 దగ్గర ఉంటే హీట్‌సింక్ విప్పాలి. 75 దగ్గర ఉంటే యూపీఎస్‌నూ, పవర్ సప్లైనీ, ఇంటి వైరింగునూ పరీక్షించాలి.

ఇవన్నీ చేసిన తర్వాత కూడా తేడా 50కి మించి ఉంటే, అప్పుడు కొత్త హీట్‌సింక్ కొనండి. నాలుగు రాగి గొట్టాలతో, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌తో ఉన్న టవర్ రకం, ఐదారు వందల గ్రాముల బరువున్నది, ఆరు లేదా ఎనిమిది కోర్ల ప్రాసెసర్‌కు మన ఎండల్లోనూ సరిపోతుంది. కొనే ముందు మీ క్యాబినెట్ వెడల్పు కొలుచుకోండి, ఈ హీట్‌సింకులు సుమారు 155 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి, సన్నటి క్యాబినెట్లలో పక్క పలక మూతపడదు.

చివరగా ఒక కాగితం మీద తేదీ, గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, తేడా, ఏ గేము, ఎప్పుడు దులిపారు, ఎప్పుడు పేస్ట్ మార్చారు అని రాసి, క్యాబినెట్ కుడి పక్క పలక లోపలి వైపు అంటించండి. వచ్చే మార్చిలో అదే గేము మళ్లీ అరగంట ఆడి, కొత్త తేడాను పాతదాని కింద రాయండి.